రుద్రాపూర్ బడి గోడలు

ఉత్తర బంగ్లాదేశ్‌లో దినాజ్‌పూర్ జిల్లా రుద్రాపూర్ పేద రైతుల ఊరు. అక్కడి ‘మేటి’ (METI) అనే పాఠశాల భవనం గురించి రాయమని సంపాదకులు పంపారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ సేపు నిలబెట్టినవి దాని గోడలు. కింది అంతస్తు మందపాటి మట్టిగోడలు, పై అంతస్తు వెదురు, ఆపైన రేకుల కప్పు. మట్టిలో వరిగడ్డి, నీళ్లు కలిపి పశువులతో తొక్కించారు. ముద్దలు పేర్చుకుంటూ రెండడుగుల పైచిలుకు ఎత్తు రాగానే ఆపి, కాస్త ఆరాక పారతో చెక్కి చదును చేశారు. అది గట్టిపడ్డాకే పై వరస. ఆ చెక్కిన ముఖాన్ని బయట వైపు దాచకుండా వదిలేశారు. ఎంతో నిబ్బరమైన పనితనం అది. తరగతి గదుల వెనక పిల్లలు దూరి కూర్చునే చిన్న చిన్న గుహలు కూడా మట్టితోనే మలిచారు. ఒంటరిగా చదువుకోవాలనిపించిన పిల్లకు ఒక మూల ఉండాలని బడి కట్టేటప్పుడే ఆలోచించినవాళ్ల మీద నాకు అపారమైన గౌరవం కలిగింది.

దీప్‌శిఖ అనే స్థానిక సంస్థ కోసం 2005లో అన్నా హెరింగర్, ఐకే రోస్వాగ్ అనే వాస్తుశిల్పులు ఊరివాళ్లతో కలిసి దీన్ని కట్టారు. 2007లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. మట్టి, వెదురు పని ఆ ఊరికి కొత్త కాదు. అక్కడి ఇళ్లు తరతరాలుగా వాటితోనే కడుతున్నారు. అయితే వాటికి పునాది ఉండదు, నేల చెమ్మ గోడల్లోకి ఎక్కుతుంది, కొన్నేళ్లకే కూలతాయి. నెపం మట్టి మీద పడుతుంది. బడికి చేసిన మార్పులు చూస్తే అసలు లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఇటుక పునాది వేశారు, దాని మీద చెమ్మను ఆపే ప్లాస్టిక్ పొర పరిచారు, మట్టిలో గడ్డి కలిపారు, వాన గోడను కొట్టకుండా చూరు బయటికి దించారు. పేద ఊరికి బడి కట్టేవాళ్లు మొదట వెతకాల్సింది ఆ ఊరికి ఇప్పటికే వచ్చిన పనిని. దానికి ఏది తక్కువైందో అది మాత్రమే బయటినుంచి తేవాలి. అప్పుడు ఖర్చులో పెద్ద వాటా కూలిగా ఊళ్లోనే ఉంటుంది, మరమ్మతు తెలిసిన చేతులూ ఊళ్లోనే ఉంటాయి. రుద్రాపూర్‌లో ఆ చేతులు ఖాళీగా లేవు. వికలాంగుల కోసం 2020 నాటికి పూర్తయిన ఆనందాలయ్ భవనాన్నీ అక్కడివాళ్లే మట్టి, వెదురుతో లేపారు.

పట్నం పిల్లలకు సిమెంటు, పల్లె పిల్లలకు మట్టా అని అడిగేవాళ్లున్నారు. తేలిగ్గా తోసేయదగిన మాట కాదిది. తరాలుగా గుడిసెల్లో ఉంచిన వాడల వాళ్లకు పక్కా గోడ అంటే పరువు. వాళ్లకు మట్టి గొప్పదని ఉపన్యసించే హక్కు ఎవరికీ లేదు. కానీ అన్యాయం మట్టిలో లేదు, నిర్లక్ష్యంలో ఉంది. ఎండలో కాలి వానలో కారే కాంక్రీటు గదిలో కూర్చున్న బిడ్డకు ఏ పరువూ దక్కదు. శ్రద్ధతో కట్టిన మట్టి బడి మరొకటుంది. బుర్కినా ఫాసోలోని గాండోలో, ఆ ఊళ్లోనే పుట్టిన ఫ్రాన్సిస్ కెరె 2001లో మట్టి ఇటుకలతో బడి కట్టారు. వానలకు మట్టి నిలుస్తుందా అని మొదట సందేహించింది ఊరివాళ్లే. ఆయన మట్టిలో కొంచెం సిమెంటు కలిపి ఇటుకలు నొక్కించారు, వేడి గాలి పోయేలా రేకుల కప్పును గదులకు ఎత్తుగా నిలిపారు. పిల్లలు రాళ్లు, స్త్రీలు నీళ్లు మోసుకొచ్చారు. ఈ చివరి మాటను మనవాళ్లు ముచ్చటగా చెప్పుకుంటారు గానీ, పేదల శ్రమను ఉచితంగా తీసుకోవడం నాకు నచ్చదు. కూలి ఇచ్చి కట్టించాలి. గోడలు అలికే ఆడవాళ్లకూ ఏటేటా డబ్బివ్వాలి.

వేల బడులకు వాస్తుశిల్పులను ఎక్కడినుంచి తెస్తారన్నది మరో అభ్యంతరం. రుద్రాపూర్‌కు వాళ్లు తెచ్చిన సాంకేతిక సవరణలు ఒక కాగితం మీద పడతాయి. పంచాయతీరాజ్ ఇంజనీరు నేర్చుకోలేనివి కావు. మనకూ అనుభవం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు పథకం బడి పనులను తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించింది. అది మంచి అడుగు. ఆ కమిటీలు బిల్లులు చూడటంతో ఆగకుండా, గోడ దేనితో కట్టాలో కూడా తేల్చగలగాలి. అన్నిచోట్లా మట్టే కానక్కర్లేదు. తాండూరు, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి ఉంది, దాన్ని చెక్కేవాళ్లూ ఉన్నారు. ఇదంతా విన్నాక కూడా ఊరు సిమెంటే కావాలంటే సిమెంటుతోనే కట్టాలి.

కొత్త బడి మంజూరైన ప్రతి ఊళ్లో, అంచనాలు వేయకముందే మట్టి, రాయి, వెదురు, కర్ర పని తెలిసినవాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. మరమ్మతు ఖర్చును మొదటి రోజే లెక్కలో రాయించండి.