పియోరియాలో వస్తువు చవక, మనిషి ప్రియం

బావగారూ,

అమ్మాయి వాళ్ళు ఇల్లు కొన్న ధర విన్న దగ్గర్నుంచీ మీరు రోజూ ఆ లెక్కే వేస్తున్నారని అక్కయ్య ఫోనులో చెప్పింది. అంకె సరైనదే. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఈ పియోరియాలో మూడు పడకగదులు, కింద నేలమాళిగ, వెనక రెండు గేదెల్ని కట్టుకునేంత దొడ్డి ఉన్న పాత ఇల్లు లక్షన్నర డాలర్ల లోపే దొరుకుతుంది. మన లెక్కలో కోటీ ముప్పై లక్షలు. ఆ డబ్బుకు మన విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఫ్లాటు రావచ్చు గానీ దొడ్డి రాదు.

ఇంత చవకెందుకంటే, ఉన్న ఇళ్ళకు తగినంతమంది జనం లేరు. పొక్లెయిన్లూ బుల్డోజర్లూ చేసే క్యాటర్‌పిల్లర్ కంపెనీ కాలిఫోర్నియాలో పుట్టినా పెరిగింది ఈ చుట్టుపక్కలే. దాని ప్రధాన కార్యాలయం 2017లో షికాగో పక్కకు వెళ్ళింది, 2022లో టెక్సాస్ బాట పట్టింది. ఫ్యాక్టరీలు ఇంకా నడుస్తున్నాయి, పెద్ద దొరలే వెళ్ళిపోయారు. 1970లో లక్షా ఇరవై ఆరు వేలు దాటిన జనాభా 2020 నాటికి లక్షా పదమూడు వేలకు దిగింది. మన ఊళ్ళలో జనం పెరిగి నేల ధర ఆకాశాన్నంటుతుంటే, ఇక్కడ ఇల్లే మనిషి కోసం ఎదురుచూస్తోంది.

అయితే కొన్నాక కూడా అద్దె తప్పదు. దాని పేరు ఆస్తిపన్ను. అమెరికాలో ఈ పన్ను బాగా ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఇల్లినాయ్ ఒకటి. ఇంటి విలువలో నూటికి రెండు పాళ్ళకు పైనే, అదీ ఏటా! అందులో పెద్ద వాటా బడులకు వెళుతుంది. మనవరాలు ఫీజు లేకుండా చదువుకునే బడిని చూశాక నాకు కోపం కొంత తగ్గింది, అల్లుడికి తగ్గలేదు.

ఇక అసలు విశేషం. ఇక్కడ వస్తువుకు విలువ లేదు, దాన్ని ముట్టుకునే చేతికే విలువ. వంటింటి సింకు కింద పైపు కారుతోందని ప్లంబర్ని పిలిచారు. గుమ్మంలో అడుగు పెట్టినందుకే వంద డాలర్ల దాకా, ఆపైన పని గంటల లెక్క. మార్చిన సామాను ఖరీదు పది డాలర్లు కూడా లేదు. కోడికాళ్ళు పది పౌన్ల సంచీ, అంటే నాలుగున్నర కిలోలు, పది డాలర్ల లోపే వస్తుంది. నేను క్షవరానికి వెళితే టిప్పుతో కలిపి పాతిక అయింది. ఒక తల గొరిగించిన డబ్బుతో పది కిలోల కోడిమాంసం కొనొచ్చన్నమాట! మీ జుట్టును మన మంగలి ఎంత శ్రద్ధగా చూస్తాడో ఈసారి గమనించండి.

తప్పు పట్టడానికేమీ లేదు. ఈ రాష్ట్రంలో 2025 జనవరి నుంచి గంటకు పదిహేను డాలర్లకు తగ్గకుండా కూలి ఇవ్వాలని చట్టం. పనిచేసేవాడూ కారేసుకుని వస్తాడు, వాడికీ ఇల్లుంది. అందుకని పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మన అల్లుడు శనివారం గడ్డి కోస్తాడు, ఆదివారం నిచ్చెనెక్కి చూరు కింది గొట్టాల్లో ఆకులు తీస్తాడు. వాళ్ళమ్మ చూస్తే గుండె ఆగుతుంది.

పసిపిల్లను పగలంతా చూసే చోట నెల ఫీజు ఇంటి అప్పు వాయిదాతో పోటీ పడుతుంది. ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆరేసి నెలలు వంతులవారీగా దిగే అమ్మమ్మలూ నాయనమ్మల గుట్టు ఇదే. మీ చెల్లెమ్మ కూడా అలా దిగినదే. ఆవిడ జీతం ఎవరూ లెక్క కట్టలేదు, కడితే నాకు భయం.

కారు లేనిదే పాల డబ్బా కూడా ఇంటికి రాదు. విజయవాడ నుంచి హైదరాబాదు ఎంతో, ఇక్కణ్ణుంచి షికాగో ఇంచుమించు అంతే. కానీ ప్రయాణికుల రైలు ఒక్కటీ లేదు! ఊళ్ళో బస్సులున్నా, ఆఫీసుకొకటి ఇంటికొకటి రెండు కార్లు. వాటికి ఇన్సూరెన్సు, పెట్రోలు. చలికాలం మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కారు అడుగు భాగాన్ని తినేస్తుంది. ఇంటి ధరలో మిగిలిందంతా ఈ చక్రాల కిందకు పోతుందని నా అనుమానం.

ఊరు దాటితే కనుచూపు మేరా మొక్కజొన్న, సోయా. సోయాలో దేశంలో ఈ రాష్ట్రానిదే అగ్రస్థానం. అయినా ఇండియన్ కొట్లో కరివేపాకు చిన్న పొట్లం రెండు డాలర్లు దాటుతుంది. మన బజారులో కూరగాయలు కొంటే కొసరుగా పడేసే రెబ్బ!

ఆ మొక్కజొన్నకు ఒక ఘనత ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెన్సిలిన్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే దారి దొరికింది ఈ ఊరి ప్రభుత్వ పరిశోధనాలయంలోనే. మొక్కజొన్న పిండి తీయడానికి గింజలు నానబెట్టగా మిగిలే నీళ్ళలో బూజును పెంచారు. 1943లో ఇక్కడి బజారులో దొరికిన బూజుపట్టిన కర్బూజా పండు నుంచే మేలైన రకం బూజు వచ్చింది. అలాంటి ఊళ్ళో డాక్టరు దగ్గరకెళ్ళాలంటే జనానికి జంకు. ఎంతవుతుందని ముందుగా అడిగితే గట్టిగా చెప్పేవాడు కనబడడు, బిల్లు వారాల తర్వాత పోస్టులో వస్తుంది. పంటి వైద్యానికైతే వేరే ఇన్సూరెన్సు, అదీ కొంతవరకే.

అల్లుడికి దవడపన్ను సలుపుతోంది. రూట్ కెనాలుకూ పైన తొడుగుకూ కలిపి ఇక్కడ చెప్పిన లెక్క, సంక్రాంతికి రానూపోనూ విమానం టిక్కెట్టును మించిపోయింది. కాబట్టి మీరు సూర్యారావుపేటలో మీకు తెలిసిన పంటి డాక్టరు దగ్గర జనవరి మొదటి వారానికి వరసగా మూడు రోజులు టైము తీసుకోండి. వీలైతే పొద్దున పూట.

మీ బావమరిది