శ్రీశైలం ఘాట్‌లో నేనూ, నాన్నా, ఓ క్రూయిజర్

‘‘ఐదడుగుల రెండంగుళాలున్నావ్. నీకెందుకే అంత బండి?’’ క్రూయిజర్ కొన్న రోజు నాన్న అన్న మాట ఇది. శ్రీశైలం వెళ్తానంటే ‘ఒక్కదానివే వద్దు’ అంటూ వెనక సీట్లో కూర్చున్నారు.

పొట్టిగా ఉన్నవాళ్లకి అసలు భయం కాలు ఆనకపోతేనే. క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. అదే కంపెనీ క్రూయిజర్ మీటియర్ 350ది 765. మునివేళ్ల మీద నిలబడటానికీ, పాదం మోపడానికీ మధ్య తేడా ఆ నాలుగు సెంటీమీటర్లే. నేను తీసుకున్నదీ సీటు కిందికున్న 350 సీసీ బండే. బరువు మాత్రం నాకు మూడింతలకు పైనే!

హైదరాబాద్ నుంచి దాదాపు 215 కిలోమీటర్లు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారు కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాం. ఆమనగల్లు, కల్వకుర్తి... రోడ్డు తిన్నగా ఉన్నంతసేపు క్రూయిజర్ అంత హాయి ఇంకోటి లేదు. కాళ్లు ముందుకి చాపి, వీపు నిటారుగా పెట్టి వెళ్లిపోవడమే.

కల్వకుర్తిలో టీ తాగాక నాన్న తాళం అడిగారు. ఆయన ఐదడుగుల పది. కాళ్లకి చోటు బాగా సరిపోయింది. కానీ డిండి రిజర్వాయర్ దగ్గరకొచ్చేసరికి నడుం పట్టుకుని దిగారు. మామూలు బైక్ మీదైతే గుంత రాగానే ఫుట్‌రెస్ట్‌ల మీద కాస్త పైకి లేస్తాం. కాళ్లు ముందుకుంటే అలా లేవడం కష్టం. కుదుపంతా వెన్నెముకకే. ఇక నా ఇబ్బంది వేరు. చేతులు హ్యాండిల్ దాకా చాచీ చాచీ భుజాలు లాగేశాయి. ఒకే బండి, ఇద్దరికీ రెండు రకాల నొప్పులు!

మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రోడ్డు పక్కన కోతులు, ఎటు చూసినా చెట్లు. ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే హెయిర్‌పిన్ మలుపుల్లో అసలు పరీక్ష. క్రూయిజర్‌లో రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, ముందు ఫోర్క్ వాలుగా ఉంటుంది. అందుకే తిన్నటి రోడ్డు మీద నిలకడగా పోయే బండి మలుపులో బద్ధకంగా తిరుగుతుంది. ఎక్కువ వంచితే ఫుట్‌రెస్ట్ నేలకి గీసుకుంటుంది. మలుపుకి ముందే బ్రేక్, రెండో గేరు, చూపు మలుపు చివరన... అంతే. వెనక నుంచి నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. నా భుజం మీద చెయ్యి మాత్రం గట్టిగా బిగిసింది.

డ్యామ్ వ్యూ దగ్గర తప్పు చేశాను. బండిని పల్లం వైపు ముఖం పెట్టి ఆపేశా. రివర్స్ గేరు లేని అంత బరువుని వెనక్కి లాగడం నా వల్ల కాలేదు. నాన్న నడుం నొప్పితోనే వచ్చి తోశారు. ‘మరోసారి ఎత్తు వైపు ముఖం పెట్టి ఆపు’ అన్నారంతే.

క్రూయిజర్ కొనాలనుకుంటే సీటు మీద కూర్చుని సెల్ఫీ దిగి వచ్చేయకండి. కనీసం అరగంట నడపండి. గుంతల్లో, యూటర్న్‌లో కూడా. వెనక కూర్చునేవాళ్లనీ తీసుకెళ్లండి.

మర్నాడు పొద్దున నాన్న బస్టాండ్ వైపు నడిచారు. ‘‘నా నడుం వల్ల కాదమ్మా. నేను బస్సులో వస్తా. నువ్వు మెల్లగా రా.’’

ఒక్కదాన్నే వద్దన్న మనిషి, ఈసారి ఆ మాట అనలేదు.