ఏ పార్టీదిరా ఆ సంఘం?

మా ఆఫీసులో యూనియన్ పెట్టాలని కొందరు తిరుగుతున్నారని చెబితే నాన్న ఫోన్లో అడిగిన మొదటి మాట: "ఏ పార్టీదిరా?" గుడివాడ డిపోలో కండక్టరుగా రిటైరైన మనిషి మరి. ఆయన రోజుల్లో ఆర్టీసీలో గుర్తింపు ఎన్నికలొస్తే బందరు ఫస్ట్ బస్సు కదలకముందే గేట్ మీటింగులు, రెండు వైపులా జెండాలు. ఎవరిది ఏ సంఘమో గేటు బయట టీకొట్టాయనక్కూడా తెలిసేది. అవనిగడ్డ నైట్ హాల్టు ఎవరికి వేయాలన్నా సంఘం మాట చెల్లేది.

ఇక్కడ అమెరికాలో మొదలంతా గుట్టు. కాఫీ దగ్గరో, పార్కింగులోనో ఒక్కొక్కరినీ కదిపి కార్డు మీద సంతకం అడుగుతారు. అర్హుల్లో 30 శాతం సంతకాలుంటే జాతీయ కార్మిక సంబంధాల బోర్డు రహస్య ఓటింగు పెడుతుంది. అనుభవమున్న వాళ్లు మాత్రం సగానికి బాగా పైన కూడితే తప్ప దరఖాస్తు పెట్టరు. యాజమాన్యం కన్సల్టెంట్లను దించాక కొందరు జారిపోతారు కదా!

గెలిచినా దక్కేది బేరానికి కూర్చునే హక్కే. న్యూయార్క్ టైమ్స్ టెక్ ఉద్యోగులు 2022 మార్చిలో ఓటింగు గెలిచారు. ఒప్పందం కుదిరింది 2024 డిసెంబరులో, అదీ అధ్యక్ష ఎన్నికల వారంలో సమ్మె చేశాక.

మనవాళ్లు కార్డు వంక చూడరు. వీసా మీదున్నా చట్టంలో హక్కు ఒకటే. కానీ హెచ్-1బీ వాళ్లకు ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. వాళ్లను నేను తప్పుపట్టను. గ్రీన్ కార్డు వచ్చేసరికి చాలామంది మేనేజర్లయిపోతారు, వాళ్లకు యూనియన్ల చట్టం వర్తించదు. నాదీ అదే బాపతు. నన్ను పిలిచింది మేనేజర్లకు కంపెనీ లాయరు పెట్టిన క్లాసుకి: బెదిరించొద్దు, ఆరా తీయొద్దు, ఆశ పెట్టొద్దు, నిఘా వేయొద్దు.

"అయితే నువ్వు డిపో మేనేజరు వైపన్నమాట," అన్నాడు నాన్న. కాసేపాగి, "మరి పొలం కూలీలకో?" అన్నాడు. అమ్మ వాళ్లది దివిసీమ.

1935 నాటి ఆ చట్టం పొలం పనివాళ్లను అప్పుడే పక్కన పెట్టింది, ఇప్పటికీ అంతే. కాలిఫోర్నియా 1975లో సొంత చట్టం చేసుకుంది. దివిసీమలో నాగాయలంక వైపు నాట్ల ముఠా ఆడవాళ్లకు బోర్డూ లేదు, కార్డూ లేదు. ఎకరాకి ఇంతని తేలేదాకా చేలో దిగరు. అదను దాటితే ఎవరికి నష్టమో రైతుకీ తెలుసు, వాళ్లకీ తెలుసు.