నడిసముద్రంలో మర్దన ఖరీదు

విహార నౌకలో మర్దన ధర, ఓడ ఎక్కడుందన్నదాన్ని బట్టి మారుతుంది. రేవులో ఆగిన రోజు జనమంతా ఊరు చూడ్డానికి దిగిపోతారు. స్పా గదులు ఖాళీ, అందుకే తగ్గింపులు. చుట్టూ నీళ్లు తప్ప మరేమీ లేని రోజున గిరాకీ పెరుగుతుంది, దాంతోపాటే ధరా. పైగా చాలా ఓడల్లో టిప్పు బిల్లులోనే కలిసి వస్తుంది. మర్దన అయ్యాక క్రీములు, నూనెలు కొనమనే బోధ మాత్రం ఉచితం.

ఓడలో స్పా అన్నది నేటి సరదా కాదు. 1912లో టైటానిక్‌లోనూ మొదటి తరగతి వాళ్లకు టర్కిష్ స్నానశాల ఉండేది. టికెట్టు 4 షిల్లింగులు. ఆడవాళ్లకో వేళ, మగవాళ్లకో వేళ.

నాకు వింతగా తోచేది ఒక్కటే. తీరికగా ఉందామని ఓడెక్కి, అక్కడా అపాయింట్‌మెంట్ల కోసం పోటీ పడతాం. గంట లెక్కన కొన్న విశ్రాంతిలో ధ్యాసంతా గడియారం మీదే. అందుకే నా ఓటు మర్దనకు కాదు, థర్మల్ సూట్ పాసుకు. ఆవిరి గది, వెచ్చటి పడకలు ఉంటాయి, లెమ్మనేవాళ్లే ఉండరు. కాకపోతే ఆ పాసులు కొన్నే ఉంటాయి. ఓడెక్కిన రోజే అడగాలి. బద్ధకంగా గడపడానికి కూడా ముందుచూపు కావాలన్నమాట!