మూడో రూపం

గో, వెంట్, గాన్. బ్రేక్, బ్రోక్, బ్రోకెన్. సాంఘిక సంక్షేమ హాస్టల్లో పొద్దున్నే చాపలు చుట్టి, పళ్లు తోముకుంటా కూడా ఇదే పాట. వీటితో ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలా. నోటికొస్తే చాలు. వేలిముద్రలేసే ఇంట్లోంచి వచ్చినోణ్ణి, అదే పెద్ద చదువనుకున్నా.

2008లో డిగ్రీలో చేరా. మొదటి వారంలో ఇంగ్లీషు లెక్చరర్ ఒక్కొక్కర్నీ లేపి పరిచయం చేసుకోమన్నాడు. పేరు చెప్పా, ఊరు చెప్పా. నా చేతిలో స్కాలర్‌షిప్ ఫారం చూసి ఆయనే 'కమ్యూనిటీ?' అన్నాడు. ఇప్పుడున్న దానికల్లా యామ్, ఐఎన్‌జీ పెట్టాలని గదా నేర్చుకుంది. 'ఐ యామ్ బిలాంగింగ్ టు ఎస్సీ' అన్నా. క్లాసంతా నవ్వింది. ఐఎన్‌జీకి నవ్వారో, ఎస్సీకి నవ్వారో ఇప్పటికీ నాకు తేలలేదు. లెక్చరర్ మాత్రం ఓపిగ్గానే చెప్పాడు. బిలాంగ్‌కు ఐఎన్‌జీ రాదు, అది చేసే పని కాదు, ఉండే స్థితి.

రూలు నిజమే. ఇప్పుడు నేనూ పిల్లలకు అదే చెప్తున్నా. కానీ దానికి రెండ్రోజుల ముందే ఆ టౌన్లో అద్దెగది అడగబోతే ఇంటాయన 'మీరేవుట్లు?' అన్నాడు. చెప్పంగానే గది లేదన్నాడు. నా మటుకు అది జరుగుతున్న పనే.

టీచరయ్యాక పాస్ట్ పార్టిసిపుల్‌కు ఉదాహరణలు వెతుకుతుంటే మన పేర్లే దొరికినయ్. డిప్రెస్డ్ క్లాసెస్. 1935 చట్టంతో వచ్చిన షెడ్యూల్డ్ కాస్ట్స్. 1948లో అంబేద్కర్ అంటరానితనం మీద రాసిన పుస్తకంలో బ్రోకెన్ మెన్. అన్నీ మూడో రూపాలే. దళిత అన్నా అంతే, సంస్కృతంలో క్త ప్రత్యయం. అణగ్గొట్టిందెవరో మూడో రూపం చెప్పదు, 'బై' పెట్టి మనమే చెప్పుకోవాలి. అంబేద్కరైతే కారణాలు వెతుక్కుంటా పుస్తకమే రాశాడు. మిగతావాళ్లు పేరు పెట్టి ఊరుకున్నారు.

మా పల్లెలో 'కొట్టబడ్డాను' అని ఎవరూ అనరు. 'కొట్టారు' అంటారు. ఆ చివరి 'రు'లో కొట్టినోళ్లు ఉంటారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఇంగ్లీషులో 'వర్ కిల్డ్' అంటే బై లేకుండానే వాక్యం పూర్తయిపోద్ది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. వాక్యం మళ్లీ 'వర్ కిల్డ్' దగ్గరికే వచ్చింది.

మొన్న పదో తరగతికి పాసివ్ వాయిస్ పరీక్ష పెట్టా. 'దే హావ్ నాట్ పెయిడ్ ద వేజెస్' మార్చమన్నా. 'ద వేజెస్ హావ్ నాట్ బీన్ పెయిడ్' అని రాస్తే సరిపోద్ది. ఎవరనేది ముఖ్యం కానప్పుడు 'బై దెమ్' తీసెయ్యొచ్చని నేనే చెప్పా. మా పల్లె పిల్ల ఒకతె 'బై దెమ్' రాసి, దాని కింద గీత కూడా గీసింది.

'తీసెయ్యొచ్చని చెప్పా గదమ్మా' అన్నా.

'తీసేస్తే ఇయ్యనిదెవరో ఎట్టా తెలుసుద్ది సార్? మాయమ్మకి మిరప కోతల డబ్బులు ఇంకా ఇయ్యలా.'

మార్కేశా.