త్రిభుజాల వలలో గోళం

గోళాన్ని నిర్వచించడం ఎంతో సులభం. ఒక కేంద్రం, ఒక వ్యాసార్ధం చెప్పిన చాలును. అయినను కంప్యూటర్ తెరపై మనకు కనబడే గోళం తరచుగా గోళం కాదు. వందలాది చదునైన త్రిభుజాలను అంచుకు అంచు చేర్చి అల్లిన వల. రూపకల్పన శాస్త్రంలో దీనినే 'మెష్' అంటారు. గణిత విద్యార్థినైన నాకు ఈ సంగతి తెలిసిననాడు మనసు కొంత చిన్నబోయింది. ఇంతటి యంత్రానికి ఒక్క నిజమైన గుండ్రదనం చేతకాదా అనిపించింది.

మా నాన్నగారు దర్జీ. ఈ మాట ఆయనతో అంటే నవ్వి, "గుడ్డ ఎప్పుడూ చదునుగానే ఉంటుంది నాయనా, మనిషే చదునుగా ఉండడు. ముక్కలు కోసి కుట్టకపోతే ఒంటికి ఎలా అమరుతుంది?" అన్నారు. అప్పటినుండి మెష్‌ను నేను మరొక దృష్టితో చూడసాగాను.

ముక్కలు త్రిభుజాలే ఎందుకు కావలెను? నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేలపై ఊగుతుంది. ముక్కాలి పీట ఊగదు. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువులు ఎల్లప్పుడూ ఒకే తలాన్ని నిర్ణయిస్తాయి; నాల్గవ బిందువు ఆ తలంలో ఉంటుందన్న హామీ లేదు. త్రిభుజం ఎటు తిప్పినా చదునుగానే ఉంటుంది గాన యంత్రానికి సందిగ్ధం ఉండదు.

ఈ వలను దాచుకొనే విధానం కూడ సరళమైనది. మొదటి పట్టికలో శీర్షాల నిరూపకాలు, రెండవ పట్టికలో ఏ మూడు శీర్షాలు కలిసి ఒక త్రిభుజమో తెలిపే సంఖ్యలు ఉంటాయి. ఒక ఘనానికి 8 శీర్షాలు, 12 త్రిభుజాలు, 18 అంచులు. పద్దెనిమిదవ శతాబ్దిలో ఆయిలర్ చెప్పిన సూత్రం ఇక్కడ సరిగా నిలుస్తుంది: 8 - 18 + 12 = 2. సంపూర్ణంగా మూసి ఉన్న వలలో ప్రతి అంచు సరిగా రెండు త్రిభుజాలకు ఉమ్మడిగా ఉండవలెను. ఒక్కచోట కుట్టు విడిపోయినా, ఏది లోపలో ఏది వెలుపలో నిర్ణయించడానికి ఆధారం పోతుంది.

ఇక అసలు ప్రశ్న: ఈ వల నిజమైన వక్రానికి ఎంత దూరం? 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వృత్తాన్ని తీసుకొని నేను కాగితంపై లెక్క కట్టాను. వృత్తంలో 12 భుజాల బహుభుజిని గీస్తే, భుజం మధ్యలో తేడా సుమారు 1.70 మిల్లీమీటర్లు. 24 భుజాలైతే 0.43, 48 భుజాలైతే 0.11. భుజాలు రెట్టింపైన ప్రతిసారి తేడా దాదాపు నాల్గవవంతుకు తగ్గుతుంది. ఎన్ని భుజాలైనా తేడా సున్న కాదు. కాని అది ఎంతో మనం ముందుగా చెప్పగలం.

కంటిని ఒప్పించడం మాత్రం సులభం. 1971లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఆన్రీ గూరో ఒక ఉపాయం కనుగొన్నారు. ముందుగా శీర్షాల వద్ద వెలుగును లెక్కించి, వాటి నడుమ క్రమంగా మారుస్తూ పోతే త్రిభుజాల అంచులు కలిసిపోయి తలమంతా నునుపుగా కనిపిస్తుంది. అయితే అట్టి బొమ్మ వెలుపలి రేఖను గమనించండి. అక్కడ కోణాలు అలాగే నిలిచి ఉంటాయి. నునుపు వచ్చినది వెలుగుకే గాని ఆకారానికి కాదు.

చేతికి వచ్చే వస్తువు విషయంలో ఈ ఉపాయం పనిచేయదు. త్రీడీ ప్రింటింగ్‌లో నేటికీ విరివిగా వాడే ఎస్.టి.ఎల్. ఫైలు పద్ధతి 1987 నాటిది. అందులో ఉండేవి త్రిభుజాలే. పైన చెప్పిన వృత్తం ఒక రంధ్రమనుకొందాం. దానిని 12 భుజాలతో పంపితే ఎదురెదురు భుజాల మధ్య దూరం 100కు బదులు సుమారు 96.6 మిల్లీమీటర్లే. 100 మిల్లీమీటర్ల కడ్డీ అందులో దూరదు. తెరపై ఎంత నునుపుగా మెరిసినా కడ్డీ ఆ మెరుపును లెక్కచేయదు.

అందుచేతనే క్యాడ్‌లో అసలు రూపాన్ని సాధారణంగా సమీకరణాల వక్రాలుగా భద్రపరుస్తారు. ఫ్రాన్సులో సిట్రోయెన్ కార్ల సంస్థలో ద కాస్టెల్జో, రెనోలో బెజియే 1960 ప్రాంతాల్లో అభివృద్ధి చేసిన వక్రాలు ఈ మార్గానికి పునాదులు. మెష్‌ను అవసరం కలిగినప్పుడు, అవసరమైనంత సూక్ష్మతతో ఆ రూపం నుండి తీసుకొంటారు. అసలును పారవేసి మెష్‌ను మాత్రమే ఉంచుకొంటే, 48 భుజాల ఆ బహుభుజికి తాను ఒకప్పుడు వృత్తమునన్న జ్ఞాపకం ఉండదు.

ఉజ్జాయింపు లోపం కాదని నాకు ఇప్పుడు తెలుసు. లెక్క చెప్పని ఉజ్జాయింపే లోపం. మిత్రులారా, మీకు ఎవరైనా నునుపైన బొమ్మను చూపినప్పుడు రెండు ప్రశ్నలు తప్పక అడగండి: తేడా ఎంత? అసలు ఎక్కడ ఉన్నది?