ఇస్లామునందు స్త్రీల రాజ్యాధికారము, మతాధికారము

తండ్రి పొలములో కుమార్తెకు భాగమున్నదా యను ప్రశ్నయు, తండ్రి సింహాసనముపై కుమార్తెకు హక్కున్నదా యను ప్రశ్నయు పైకి ఒకటే వలె కనబడును. ఇస్లామునందు ఇవి రెండును వేఱు. మొదటిదానికి ఖురాను స్పష్టముగా సమాధానము చెప్పినది. రెండవదానికి అట్టి సమాధానము లేదు. ఈ భేదమును గుర్తింపక, మహమ్మదీయులలో స్త్రీకి ఏ హక్కును లేదని కొందఱును, అన్ని హక్కులును ఉన్నవని కొందఱును మన యిండ్లలో తీర్పులు చెప్పుచుందురు. తీర్పునకు ముందు విషయమును విచారించుట న్యాయము.

నేను పాఠశాలలో చరిత్ర బోధించువాడను. ఒకమాఱు పిల్లలను గోలకొండ చేరువనున్న కుతుబ్‌షాహీ సమాధులు చూపుటకు తీసికొనిపోతిని. హయాత్ బక్షీ బేగము సమాధి యొద్ద నిలిచి, ఆమె మహమ్మదు కులీ కుతుబ్‌షాహు కుమార్తె యనియు, ఆయనకు కుమారులు లేకపోవుటచే 1612లో ఆమె భర్తయు, 1626లో బాలుడైన ఆమె కుమారుడు అబ్దుల్లాయు రాజులైరనియు, కుమారుని కాలమున రాజ్యభారము చాలవఱకు ఆమెయే వహించెననియు చెప్పితిని. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక ముస్లిము బాలిక, "మాస్టారూ, రాజుగారి కూతురు ఆమె గదా! రాజ్యము ఆమెకే ఎందుకీయలేదండీ?" అని యడిగినది. ప్రక్కనున్న బాలుడొకడు, "వాళ్ల మతములో ఆడవాళ్లకు రాజ్యముండదు" అనెను. ఆ పిల్ల తల వంచుకొన్నది. "రజియా సుల్తానా పాఠము మొన్ననే చదివితివి గదా" అని నేననగా బాలుడు ఊరకుండెను గాని, బాలిక మరల తలయెత్తి, "రజియాకు ఇచ్చినవారు ఈమెకు ఎందుకీయలేదు?" అని ప్రశ్నించినది. ఆ దినమున ఆమెకు క్లుప్తముగా చెప్పినదానినే ఇచ్చట విస్తరించి వ్రాయుచున్నాను.

ప్రవక్త మహమ్మదు 632లో కాలధర్మము నొందునప్పటికి ఆయనకు జీవించియున్న కుమారుడు లేడు. కుమార్తె ఫాతిమా కలదు. తండ్రి యధీనములోని ఫదక్ అను భూమి తనకు రావలెనని ఆమె కోరగా, ప్రవక్తల సొత్తు వారసులకు చెందదని మొదటి ఖలీఫా అబూబకరు నిరాకరించెను. దీనిని గూర్చి సున్నీలకును షియాలకును నేటికిని ఏకాభిప్రాయము లేదు. ఇస్లాము చరిత్రలో వారసత్వమును గూర్చిన తొలి వివాదములలో ఒకటి ఒక కుమార్తెదే యని మాత్రము మనము గమనింపవలెను. ఖిలాఫతు సున్నీల సిద్ధాంతము ప్రకారము దాయభాగము కాదు. సమాజము అంగీకరించిన పదవి. షియాల ఇమాములు అలీ వంశమువారు. అలీ తఱువాతి వారందఱును ఫాతిమా సంతతివారే. అనగా ప్రవక్త వంశము కుమార్తె ద్వారా నిలిచినది. పదవి మాత్రము ఆమెను దాటి ఆమె కుమారులకు చేరినది. మన స్మృతులు చెప్పిన పుత్రికాపుత్రుని న్యాయము తెలిసినవారికి ఇది వింతగా తోచదు. కొడుకులు లేని తండ్రి కుమార్తెను 'పుత్రిక'గా నిలిపినచో, ఆమె కొడుకు తాతకు వారసుడగును. కుమార్తె ఇచ్చట వంతెన. వంతెనపై నడచువారే గాని నిలుచువారుండరు.

అయినను కొందఱు స్త్రీలు నిలిచిరి. ముస్లిము రాజ్యములలో ప్రభుత్వమునకు రెండు గుర్తులు కలవు. శుక్రవారపు ప్రార్థనకు ముందు మసీదులో చేయు ఖుత్బా ప్రసంగమున ప్రభువు పేరు చదువుట యొకటి. నాణెముపై ఆ పేరు ముద్రించుట రెండవది. 1236లో ఢిల్లీ సుల్తాను అల్తమషు మరణించెను. ఆయన కుమారులను కాదని రజియానే వారసురాలిగా నిర్ణయించెనని ఆ కాలపు చరిత్రకారుడు మిన్హాజు వ్రాసినాడు. ప్రభువులు మొదట ఆమె సోదరుని గద్దె యెక్కించిరి. కొన్ని నెలలలోనే అతడు పతనమయ్యెను. రజియా 1240 వఱకు ఏలెను. పరదా విడిచి, పురుషవేషమున, ఏనుగు నెక్కి ప్రజల యెదుట తిరిగెను. మిన్హాజు ఆమె న్యాయబుద్ధిని, ఔదార్యమును, సేనానాయకత్వమును పొగడి, పురుషుల లెక్కలో చేరని జన్మమగుటచే ఆ గుణములు ఆమెకేమి యుపకరించెనని నిట్టూర్చినాడు. ఆమెపై కత్తి యెత్తినవారు మతపండితులు కారు, తురుష్క ప్రభువులు.

పదునాలుగేండ్లకు, 1250లో, ఈజిప్టున షజరుద్దుర్ సుల్తానయ్యెను. ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ దండెత్తివచ్చియుండగా ఆమె భర్త మరణించెను. ఆమె ఆ మరణమును దాచి సేన చెదరకుండ కాపాడెను. ఖుత్బాలోను నాణెములపైనను ఆమె గుర్తింపబడినది. ఐనను స్వనామముతో గాక, చనిపోయిన తన బిడ్డ పేర 'ఖలీలు తల్లి' యని. బాగ్దాదు ఖలీఫా సమ్మతింపలేదు. దాదాపు ఎనుబది దినములకు ఆమె గద్దె దిగి, సేనానియగు ఐబకును వివాహమాడవలసివచ్చెను. ఆ శతాబ్దముననే ఓరుగల్లున గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి 'రుద్రదేవ మహారాజు' అను పురుషనామముతో ఏలి, తుదకు రాజ్యమును తన కుమార్తె కొడుకు ప్రతాపరుద్రునకు విడిచినది. ఒకరు పురుషవేషము ధరించిరి, ఒకరు తల్లి పేరు ధరించిరి, ఒకరు పురుషనామము ధరించిరి. మతములు రెండు, జంకు ఒకటే.

ఇచ్చట పండితులొక ఆక్షేపణ చేయుదురు. పారసీకులు తమ రాజు కుమార్తెను గద్దెపై నుంచిరని విని, స్త్రీకి తమ వ్యవహారమును అప్పగించిన జనము బాగుపడదని ప్రవక్త పలికినట్లు ఒక హదీసు కలదు. దానిని చెప్పినవాడు అబూబక్రా యనువాడు. మొదటి ఖలీఫా అబూబకరు వేఱు. 656లో ప్రవక్త భార్య ఆయిషా పాల్గొన్న 'ఒంటె యుద్ధము' సందర్భమున అతడు దానిని జ్ఞప్తికి తెచ్చుకొనెను. ఇది సర్వకాలములకును నిషేధమని పూర్వపండితులలో పలువురు గ్రహించిరి. అది ఆ పారసీక రాజ్యమును గూర్చిన మాటయే గాని విధి కాదని వాదించువారును కలరు. మొరాకో విదుషీమణి ఫాతిమా మెర్నిస్సీ 1987లో ప్రకటించిన గ్రంథమున ఈ హదీసు వచ్చిన సందర్భమునే పరీక్షించినది. ఖురానులో షేబా దేశపు రాణి కథ కలదు. ఆమె మంత్రులతో ఆలోచించును, యుద్ధమును తప్పించును, తుదకు సత్యమును గుర్తించును. స్త్రీ రాజ్యమేలుట దోషమని ఆ కథలో ఎచ్చటను లేదు. శాస్త్రమున ద్వారము పూర్తిగా మూయబడియుండలేదు. కాపలావారు మాత్రము చాలమంది యుండిరి.

మతాధికారము మాట యేమి? దీనికి యెమెన్ దేశపు రాణి అర్వా చరిత్ర ప్రధానము. ఆమె భర్త ముకర్రము రోగపీడితుడై రాజ్యభారమును ఆమెకు విడిచెను. ఆమె రాజధానిని సనా నుండి జిబ్లాకు మార్చినది. దీనికొక కథ చెప్పుదురు. సనా ప్రజలను పిలువగా కత్తులతో వచ్చిరట. జిబ్లా ప్రజలను పిలువగా నేయి, ధాన్యము, మేకలు తెచ్చిరట. పని చేసికొని బ్రదుకువారి నడుమ నుండుట మేలని ఆమె భర్తకు చూపినదట. ఫాతిమీ ఖలీఫా ముస్తన్సిరు ఆమెకు 'హుజ్జత్' అను పదవి నొసగెను. ఇస్మాయిలీ మతవ్యవస్థలో అది ఇమాము తఱువాత లెక్కింపదగిన ఉన్నతస్థానము. 1130లో ఖలీఫా ఆమిరు హత్యకు గుఱికాగా, శిశువగు అతని కుమారుడు తయ్యిబే ఇమామని ఆమె ప్రకటించి, కంటికి కనబడని ఆ ఇమాము పక్షమున సమాజమును నడపుటకు 'దాయీ' యను పీఠమును నెలకొల్పినది. ఆమె 1138లో మరణించెను. ఆ పీఠము పదునాఱవ శతాబ్దమున భారతదేశమునకు వచ్చినది. మన నగరములలో వర్తకము చేయు బోహ్రాల గురుపరంపర అదియే. ఒక స్త్రీ స్థాపించిన ఆ పీఠముపై ఆమె తఱువాత ఒక స్త్రీయు కూర్చుండలేదు. మార్గము వేయుటకు పనికివచ్చినవారు ఆ మార్గమున నడచుటకు పనికిరాకపోవుట ఒక్క యెమెన్ దేశపు ముచ్చటయే కాదు.

వారసత్వముగా సింహాసనము నిలిచిన చోటు భోపాలు. 1819లో నవాబు నజర్ మహమ్మదు ఖాను మరణింపగా, భార్య కుదిసియా బేగము పసిబిడ్డయగు సికందరు పక్షమున అధికారము చేపట్టినది. సికందరును వివాహమాడువాడే నవాబగునని ఏర్పాటు. 1837లో అట్లే ఆమె భర్త నవాబై, 1844లో మరణించెను. గోలకొండలో 1612లో జరిగినదే ఇచ్చటను జరిగినది. కాని సికందరు దానితో తృప్తి నొందలేదు. రాజ్యము అల్లుని సొత్తు కాదని పట్టుపట్టి, 1860లో స్వయముగా పాలకురాలిగా ఆంగ్ల ప్రభుత్వముచే గుర్తింపబడినది. ఆమె 1868లో మరణింపగా కుమార్తె షాజహాను బేగమును, 1901లో ఆమె కుమార్తె సుల్తాను జహానును రాజ్యమునకు వచ్చిరి. తల్లి నుండి కూతునకు సింహాసనము వచ్చుట అచ్చట ఆచారమయ్యెను. షాజహాను బేగము తాజుల్ మసాజిద్ అను మహామసీదు కట్టుట కారంభించినది. ఇంగ్లండులో వోకింగు పట్టణమున 1889లో వెలసిన మసీదునకు ధనమిచ్చినది. సుల్తాను జహాను 1920లో ఆలీగఢు విశ్వవిద్యాలయమునకు తొలి ఛాన్సలరు. ఆమె 1926లో మూడవ కుమారుడగు హమీదుల్లాకు రాజ్యము విడిచినది. ఆయనకు కుమార్తెలే గలుగుటచే, 1960లో ఆయన గతించిన పిమ్మట బేగము బిరుదు మరల సాజిదాకు వచ్చినది. అప్పటికి రాజ్యము పోయి బిరుదే మిగిలియుండెను.

ఈ రాణులు మసీదులు కట్టించిరి, ధర్మాదాయములను నడపిరి. వారి పేరు మసీదులోని ఉపదేశవేదిక యెక్కినది. వారు మాత్రము ఆ వేదిక నెక్కి పురుషులకు ప్రార్థన చేయింపలేదు. స్త్రీలకు స్త్రీ ప్రార్థన చేయింపవచ్చునని చాలమంది పండితులు అంగీకరింతురు. ఉమ్ము వరకా యను విదుషికి తన యింటివారికి ప్రార్థన నడపుటకు ప్రవక్త అనుమతించెనను హదీసు కలదు. చీనాలోని కైఫెంగు నగరమున 1820లో కట్టిన స్త్రీల మసీదు కలదు. అట్టి మసీదులలో స్త్రీలే 'అహోంగు' అను గురువులు. స్త్రీపురుషులు కలసిన సభకు స్త్రీ ముందు నిలువవచ్చునా యనుటయే వివాదము. పూర్వపండితులలో అధికసంఖ్యాకులు కూడదనిరి. 2005 మార్చిలో న్యూయార్కున అమీనా వదూదు అను పండితురాలు అట్టి ప్రార్థన నడపగా లోకమంతటను చర్చ జరిగినది. చర్చ జరుగుటయే ఒక మేలు. రాజ్యము కంటె మతవేదిక యెక్కుటయే స్త్రీకి కష్టమని దీనివలన తేలుచున్నది. రాజ్యమునకు అవసరము అనునది ఒకటి కలదు. రాజు మరణించినప్పుడు శత్రువు కోటగుమ్మమున నుండును. ప్రార్థనకు అట్టి తొందర లేదు. కావున అచ్చట ఆచారము నిలుకడగా కూర్చుండును.

చదువరులారా! ఇది పరుల యింటి కథ యని మనము వినోదింపదగదు. కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు అని ఖురాను ఏడవ శతాబ్దముననే నిర్ణయించినది. అది సమానము కాదు, నిజము. కాని మన తాతల కాలమున ఉమ్మడి హిందూకుటుంబపు ఆస్తిలో సోదరులున్న కుమార్తెకు ఆ సగపు పాలైనను లేదు. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చినది; పిత్రార్జితమున పుట్టుకతోనే కుమార్తెకు హక్కు ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 1986 నాటి చట్టముతో గాని రాలేదు. ఇప్పటికిని ఆడపడుచులచే 'నాకు వలదు' అని సంతకము చేయించుకొను ఇండ్లు ఎన్ని లేవు? తండ్రికి కర్మ చేయుటకు కూతురు ముందునకు వచ్చినచో ఎంతమంది పురోహితులు మంత్రము చెప్పుదురు?

ఆ బాలికకు నేను చెప్పినది ఇది: "అమ్మా, నీ మతము హయాత్ బక్షీని గద్దెపై కూర్చుండవద్దని గొలుసు వేయలేదు. ఆ కాలపు పురుషులు వద్దనుకొనిరి. భోపాలులో ఒక తల్లి అడిగి పట్టుపట్టినది, సాధించినది." ఆ బాలునకు చెప్పినది మఱి యొకటి: ఇంటికి పోయి, తాతగారి భూమిలో నీ మేనత్తకు ఏమి వచ్చినదో అడిగి రమ్మంటిని. ఈ వ్యాసము చదివిన పెద్దలును, పిల్లలు అడుగువఱకు ఉండక, ఆ లెక్కను తామే తీసి చూచుకొందురుగాక.